పిత్తి వెనుక ఉన్న తారీఖ్

మన ఇళ్లలో "పిత్తి ఉఛలీ" అనే మాట వినకుండా పెరిగినవాళ్లు ఉండరు. ఒంటి మీద ఉన్నట్టుండి ఎర్రగా దద్దుర్లు లేస్తాయి. దురద ఆగదు. గంటో రెండు గంటలో గడిచాక వచ్చిన దారినే పోతాయి. మా నానీమా కంబల్ కప్పి పడుకోబెట్టేది. పక్కింట్లో తెలుగువాళ్లు గొంగడి కప్పేవాళ్లు. మనం పిత్తి అన్నా, వాళ్లు పైత్యం అన్నా మాట పుట్టింది ఒక్క చోటనే, 'పిత్తం' నుంచి. అరబ్బీ తిబ్ కితాబుల్లో దీన్ని 'షరా' అన్నారు. మన యూనానీ హకీం సాబ్‌లు ఇప్పటికీ ఆ మాటే వాడతారు.

ఒట్టి పిత్తే అయితే దీని మీద ఇంత మజ్మూన్ రాయాల్సిన పని లేదు. కానీ కొందరికి అది చర్మంతో ఆగదు. మొహం కుంపటిలా ఎర్రబడుతుంది, కడుపు మెలిపెడుతుంది, విరేచనాలవుతాయి, గుండె దడదడలాడుతుంది, బీపీ పడిపోయి మనిషి కూలిపోతుంది. మర్నాటికి ఏమీ జరగనట్టు లేచి కూర్చుంటుంది. మా ఖాలా కూతురు, నాకు ఆపా అవుతుంది, ఏడేళ్లు ఇలాగే గడిపింది. ఈసీజీ నార్మల్, స్కాన్ నార్మల్, షుగర్ నార్మల్. రిపోర్టులన్నీ నార్మల్ అన్న తర్వాత మన ఖాందాన్‌లో మూడు ఫైసలాలు వస్తాయి. ఒకరు నజర్ అన్నారు, ఒకరు గ్యాస్ అన్నారు, మిగిలినవాళ్లు వహమ్ అన్నారు. పెళ్లిళ్లకు రాకుండా ఉండటానికి నాటకమని కూడా ఒకరన్నారు. ఆ మాట ఆపా చెవిన పడింది.

ఈ మర్జ్‌కు ఒక పేరుందని తెలిశాక నేను దాని తారీఖ్ వెతకడం మొదలుపెట్టాను. జర్నలిస్టుకు డాక్టరీ రాదు, కానీ ఎవరు ఎప్పుడు ఏం చూశారో వరసగా పేర్చడం వస్తుంది. పేర్చి చూస్తే తెలిసిందేమిటంటే, ఆపా మాట నమ్మడానికి ఏడేళ్లు పట్టింది సరే, ఈ మర్జ్ అసలు దేనివల్ల వస్తుందో అర్థం చేసుకోవడానికి దునియాకు అంతకంటే చాలా ఎక్కువ కాలం పట్టింది.

గులాబీలు పూసే మౌసమ్‌లో

మొదట మనవాళ్ల దగ్గరికి వెళ్దాం. అబూ బక్ర్ మొహమ్మద్ బిన్ జకరియ్యా రాజీ, ఇరాన్‌లోని రయ్ పట్టణంవాడు, సుమారు 865లో పుట్టి 925 ప్రాంతంలో పోయాడు. మశూచి (పెద్దమ్మవారు), ఖస్రా (తట్టు) ఈ రెండింటినీ విడదీసి రాసిన పెద్ద హకీం ఆయనే. ఆయన రాసిన ఒక చిన్న రిసాలా ఉంది. అబూ జైద్ బల్ఖీ అనే ఆలిమ్‌కు బహార్ మౌసమ్‌లో గులాబ్ వాసన చూస్తే నజ్లా ఎందుకు వస్తుందనేది దాని విషయం. ఆ మరీజ్ బల్ఖీ కూడా మామూలు మనిషి కాదు. జుగ్రాఫియాలో పేరున్నవాడు, బదన్ గురించీ మనసు గురించీ కలిపి ఒక కితాబ్ రాసినవాడు.

ఈ రిసాలా పేరు చెప్పి "అలర్జీని వెయ్యేళ్ల కిందే మనవాళ్లు కనిపెట్టేశారు" అని వాట్సాప్‌లో తిప్పేవాళ్లున్నారు. నాకు ఆ ఫఖర్ అక్కర్లేదు. రాజీకి ఖుర్దబీన్ లేదు, ఖలియా అంటే ఏమిటో తెలియదు, ఆయన ఆలోచన అంతా అఖ్లాత్ లెక్కలోనే సాగింది. ఆయన గొప్పతనం వేరే చోట ఉంది. అందరికీ ఖుష్బూ ఇచ్చే పువ్వు ఒక్క మనిషికి జబ్బు తెస్తోందంటే, "అదెలా కుదురుతుంది, నీది వహమ్" అనలేదు. ఏ మౌసమ్‌లో, దేని వల్ల, ఎవరికి అని అడిగి కలం పట్టుకున్నాడు. మరీజ్ చెప్పిందాన్ని సుబూత్‌గా తీసుకున్నాడు.

తిండి ఎక్కువైన ఖలియా

ఉర్దూ మీడియం బడిలో మా సైన్స్ ఉస్తాద్ కణాన్ని ఖలియా అని, సూక్ష్మదర్శినిని ఖుర్దబీన్ అని చెప్పేవారు. ఆ ఖుర్దబీన్ కిందనే మన కథలో అసలు పాత్ర కనిపించింది. 1878లో పాల్ ఎర్లిక్ అనే యూదు కుర్రాడు జర్మనీలోని లైప్‌జిగ్ యూనివర్సిటీకి డాక్టరీ థీసిస్ ఇచ్చాడు. అప్పుడతని వయసు 24. ఆ రోజుల్లో బట్టలకు వేసే అనిలిన్ రంగులు కొత్తగా వచ్చాయి. వాటితో శరీరంలోని కణజాలానికి రంగులద్దితే, కొన్ని కణాలు లోపలంతా గింజలు కూరినట్టు కనిపించాయి. పైగా అద్దిన రంగు ఆ గింజల్లో మరో రంగుగా మారిపోయింది. బాగా తిని బలిసిన కణాలేమో అనుకుని 'మాస్ట్‌సెల్లెన్' అని పేరు పెట్టాడు. జర్మన్‌లో 'మాస్ట్' అంటే మేపి బలిసేలా చేయడం.

మన చెవికి అది 'మస్త్' లాగా వినిపిస్తుంది. తెలంగాణలో మస్తు అంటే బోలెడు, ఉర్దూలో మస్త్ అంటే మత్తులో ఉన్నవాడు. జర్మన్ మాటకూ మన మాటకూ రిష్తా లేదు. కానీ రెచ్చిపోయినప్పుడు ఈ కణం చేసే పని చూస్తే మన మస్తే సరిగ్గా సరిపోతుంది.

ఎర్లిక్ ఆ తర్వాత చాలా పైకి వెళ్లాడు. 1908లో నోబెల్ వచ్చింది, సిఫిలిస్‌కు సాల్వర్సన్ అనే దవా తెచ్చాడు. కానీ ఆ గింజల్లో ఏముందో ఆయనకు తెలియదు. 1915లో పోయేదాకా తెలియలేదు.

ఇంకోపక్క లండన్‌లో 1869లో నెటిల్‌షిప్ అనే డాక్టర్ ఒక చిన్నారిని చూశాడు. ఒంటి నిండా గోధుమరంగు మచ్చలు. వేలితో రుద్దితే అవే మచ్చలు దద్దుర్లయి లేస్తాయి. 1878లో సాంగ్‌స్టర్ దానికి అర్టికేరియా పిగ్మెంటోసా అని పేరు పెట్టాడు. 1887లో ఊనా అనే జర్మన్ డాక్టర్ ఆ మచ్చల్లో మాస్ట్ కణాలు గుంపుగా ఉన్నాయని చూపించాడు. అంటే కణం దొరికింది, మర్జ్ దొరికింది, రెంటికీ సంబంధం ఉందనీ తేలింది. కణం చేసే నేరం మాత్రం దొరకలేదు.

జహర్ ఒకటి, పేరు మరొకటి

1901లో ఫ్రెంచ్ శాస్త్రవేత్తలు షార్ల్ రిషే, పాల్ పోర్టియే మొనాకో రాజు ఆల్బర్ట్ జహాజ్‌లో సముద్రం మీదికి వెళ్లారు. సముద్రజీవుల జహర్ మీద వాళ్ల తజుర్బా. తిరిగొచ్చాక కుక్కలకు ఆ జహర్ కొద్దికొద్దిగా ఇచ్చి అలవాటు చేద్దామనుకున్నారు. జరిగింది ఉల్టా. మొదటి డోసు తట్టుకున్న కుక్క, కొన్ని వారాల తర్వాత అంతకంటే చిన్న డోసుకే అరగంట లోపు చచ్చిపోయింది. హిఫాజత్ చేయాల్సిన బదన్ తన మీదనే తిరగబడింది. 1902లో దీనికి అనాఫిలాక్సిస్ అని పేరు పెట్టారు. 1913లో రిషేకు నోబెల్ వచ్చింది. 1906లో వియన్నా డాక్టర్ పిర్కే 'అలర్జీ' అనే మాట పుట్టించాడు.

1907లో విండాస్, ఫోక్ట్ ల్యాబ్‌లో ఒక రసాయనం తయారుచేశారు. దానితో ఏం పనో అప్పటికి వాళ్లకు తెలియదు. 1910లో ఇంగ్లండ్‌లో హెన్రీ డేల్, లెయిడ్లా దాన్ని జంతువులకు ఇచ్చి చూశారు. ఊపిరి గొట్టాలు బిగుసుకున్నాయి, నరాలు వదులై బీపీ పడిపోయింది. అచ్చం రిషే కుక్కకు జరిగినట్టే. అదే హిస్టమిన్. అయితే ఇది బయటి జహరా, మన బదన్‌లోనే ఉండేదా? 1927లో బెస్ట్, డేల్, డడ్లీ, థోర్ప్ కలిసి తాజా కాలేయం, ఊపిరితిత్తుల్లోంచే హిస్టమిన్ తీసి చూపించారు. ఈ బెస్ట్ మన ఇళ్లకు పరాయివాడు కాదు, ఇన్సులిన్ కనుగొన్న చార్ల్స్ బెస్ట్ ఆయనే. బదన్‌లో హిస్టమిన్‌ను నాశనం చేసే ఒక ఎంజైమ్ ఉందని కూడా 1929, 30 ప్రాంతంలో ఆయనే చెప్పాడు. ఇప్పుడు దాన్ని డయమిన్ ఆక్సిడేజ్ అంటున్నారు, పొట్టిగా డీఏఓ. దీనితో మనకు మళ్లీ పనుంది.

1921లో జర్మనీలోని బ్రెస్లావ్‌లో ఇద్దరు దోస్తు డాక్టర్లు. క్యూస్ట్నర్‌కు వండిన చేప పడదు. ప్రౌస్నిట్జ్ అతని సీరం తీసుకుని తన చర్మంలోకి ఎక్కించుకున్నాడు. మర్నాడు అదే చోట చేప సారం పెట్టగానే దద్దురు లేచింది. ఖూన్‌లో ఏదో ఉంది, అదే ఈ దుష్మనీని మోస్తోంది అని తేలింది. అదేమిటో తేలడానికి 1966 దాకా ఆగాల్సి వచ్చింది. జపాన్ దంపతులు కిమిషిగే ఇషిజాకా, తెరుకో ఇషిజాకా అమెరికాలోనూ, యోహాన్సన్, బెన్నిక్ స్వీడన్‌లోనూ విడివిడిగా ఒకే ప్రోటీన్‌ను పట్టుకున్నారు. 1968లో దానికి ఐజీఈ అని పేరు స్థిరపడింది.

మరి ఎర్లిక్ చూసిన గింజల సంగతి? 1953లో రైలీ, వెస్ట్ అనే ఇద్దరు బ్రిటన్ శాస్త్రవేత్తలు హిస్టమిన్ నిల్వ ఉండేది మాస్ట్ కణాల్లోనే అని రుజువు చేశారు. 1878 నుంచి 1953, లెక్కపెట్టండి. 75 ఏళ్లు. కణం ఒక అల్మారాలో, జహర్ ఇంకో అల్మారాలో పడి ఉన్నాయి. రెండు అల్మారాలూ ఒకే గదిలో ఉన్నాయని ఎవరికీ తట్టలేదు.

హలబ్ కుర్రాడు, ఖిల్లా మొక్క

దవాల కథ మరీజ్ ఖులాసా కంటే ముందే మొదలైంది. 1937లో ప్యారిస్‌లోని పాశ్చర్ ఇన్‌స్టిట్యూట్‌లో డానియెల్ బోవే, స్టాబ్ మొదటి యాంటీహిస్టమిన్‌ను చూపించారు. అది మనుషులకు ఇవ్వలేనంత ఘాటు. 1942లో హాల్పెర్న్ మనుషులకు పనికొచ్చేది తెచ్చాడు. 1946లో అమెరికాలో డైఫెన్‌హైడ్రమిన్ వచ్చింది. మన ఇళ్ల డబ్బాల్లో ఉండే ఎవిల్, సెట్‌రిజిన్ ఆ ఖాందాన్‌వే. పాతవి నిద్ర తెస్తాయి, కొత్తవి తక్కువ తెస్తాయి. 1972లో జేమ్స్ బ్లాక్ హిస్టమిన్‌కు రెండో తాళం ఉందని, అది కడుపులో యాసిడ్‌ను నడిపిస్తుందని నిరూపించాడు. అక్కడి నుంచే సిమెటిడిన్, ఆ తర్వాత ఫామోటిడిన్ వచ్చాయి. మాస్ట్ కణ మరీజ్‌కు డాక్టర్లు రెండు రకాలూ కలిపి ఎందుకు రాస్తారో దీన్నిబట్టి అర్థమవుతుంది.

నాకు అన్నిటికంటే ఇష్టమైన కథ మాత్రం షామ్ దేశానిది. రోజర్ ఆల్టూన్యన్ 1922లో సిరియాలో పుట్టాడు. అతని తాత అర్మీనియన్ డాక్టర్, హలబ్ షహర్‌లో ఆస్పత్రి కట్టినవాడు. తండ్రి కూడా అక్కడే సర్జన్. చిన్నప్పుడు సెలవుల్లో ఇంగ్లండ్ వెళ్తే, అతన్నీ అక్కచెల్లెళ్లనూ చూసి ఆర్థర్ రాన్సమ్ అనే రచయిత 'స్వాలోస్ అండ్ అమెజాన్స్' అనే పిల్లల నవల రాశాడు. ఈ రోజర్‌కు దమా ఉండేది. పెద్దయి డాక్టర్ అయ్యాడు, ఇంగ్లండ్‌లో ఒక మందుల కంపెనీ ల్యాబ్‌లో చేరాడు.

ఆ ల్యాబ్‌లో పని నడుస్తున్నది ఖిల్లా అనే మొక్క మీద. మిస్ర్‌లో జనం తరతరాలుగా మూత్రపిండాల రాయి నొప్పికి దాని గింజల కషాయం తాగేవాళ్లు. 1940ల్లో కైరోలో ఆన్రెప్ అనే ప్రొఫెసర్ ఆ గింజల్లోని ఖెల్లిన్ నరాలనూ ఊపిరి గొట్టాలనూ వదులు చేస్తుందని రాశాడు. ఖెల్లిన్‌ను మార్చిమార్చి కొత్త రసాయనాలు చేసి, వాటిని పరీక్షించాలంటే ఎవరి మీద? ఆల్టూన్యన్ తన మీదనే పరీక్షించుకున్నాడు. తనకు గినీ పందుల చుండు పడదు. ముందు కొత్త మందు పీల్చేవాడు, తర్వాత ఆ చుండు సారం పీల్చి దమా తెప్పించుకునేవాడు. ఊపిరి ఎంత తగ్గిందో కొలుచుకునేవాడు. ఏళ్ల తరబడి, వందలసార్లు. 1965లో దొరికింది క్రోమోగ్లైకేట్. ఇది హిస్టమిన్‌ను ఎదిరించదు, మాస్ట్ కణం గింజలు వదలకుండానే ఆపుతుంది. దాన్ని పొడిగా పీల్చడానికి ఒక యంత్రం కూడా చేశాడు. యుద్ధకాలంలో విమానాలు నడిపినవాడు కదా, అందులో చిన్న పంఖా తిరుగుతుంది. ఇదే మందును ఇప్పుడు మాస్టోసైటోసిస్ మరీజ్‌లకు కడుపు బాధలకు తాగడానికి ఇస్తారు.

మిస్ర్ ఇళ్లలోని ఒక మూలిక, హలబ్‌లో పెరిగిన ఒక దమా మరీజ్, ఇంగ్లండ్ ల్యాబ్. ఇందులో ఏ ఒక్కటి లేకపోయినా ఆ దవా లేదు. దేశీ దవా గొప్పదా, అంగ్రేజీ దవా గొప్పదా అని దస్తర్‌ఖాన్ దగ్గర వాదించుకునేవాళ్లు ఈ కథ ఒకసారి చదవాలి. మూలికను గౌరవించడమంటే దాన్ని తజుర్బాకు పెట్టడమే.

ఇవాళ్టి లెక్క

1949లో ఎల్లిస్ అనే డాక్టర్, చనిపోయిన ఒక పసిబిడ్డ లోపలి అవయవాల్లో కూడా మాస్ట్ కణాలు నిండి ఉన్నాయని రాశాడు. చర్మానికే పరిమితమనుకున్న మర్జ్ బదన్ మొత్తానిదని అప్పుడు తెలిసింది. అదే సిస్టమిక్ మాస్టోసైటోసిస్. 1990ల్లో దీనికి కారణం కిట్ అనే జీన్‌లో ఒక మార్పు అని తేలింది. పెద్దవాళ్లలో ఈ జబ్బున్న చాలామందిలో ఆ మార్పే కనిపిస్తుంది. దాన్ని గురిపెట్టే మందులు 2017లో మిడోస్టారిన్, 2021లో అవాప్రిటినిబ్, అమెరికాలో అనుమతి పొందాయి.

రెండో రకంలో కణాల సంఖ్య పెరగదు, కానీ ఊరికే రెచ్చిపోతాయి. దాన్ని మాస్ట్ సెల్ యాక్టివేషన్ సిండ్రోమ్ అంటున్నారు. 2010 తర్వాతే నిపుణులు దీనికి షరతులు రాసుకున్నారు. మూడు షరతులు. ఒకటి, దౌరా వచ్చినప్పుడు చర్మం, కడుపు, ఊపిరి, గుండె వీటిలో కనీసం రెండింటిలో లక్షణాలు ఉండాలి, అవి మళ్లీమళ్లీ రావాలి. రెండు, దౌరా సమయంలో ఖూన్‌లో ట్రిప్టేజ్ పెరగాలి. బాగున్న రోజు ఉండే అంకె మీద 20 శాతం, ఆపై ఇంకో 2 నానోగ్రాములు కలిపితే ఎంతో, కనీసం అంత. మూడు, మాస్ట్ కణాల మందులకు తగ్గాలి. ఆ రక్తం దౌరా మొదలైన నాలుగు గంటల లోపు తీయాలి. మర్నాడు పొద్దున తీస్తే నార్మల్ అనే వస్తుంది. ఆపా రిపోర్టులన్నీ నార్మల్ రావడానికి కారణం ఇదే. దొంగ పోయాక తాళం వేసి చూస్తే తాళం బాగానే ఉంటుంది.

చివరికి ఒక డాక్టరమ్మ ఆపాను కాపీలో రాసుకొమ్మంది. ఏ రోజు, ఎన్ని గంటలకు, ఏం తిన్నది, ఎండలో ఉన్నదా, ఏ గోలీ వేసుకుంది. మూడు నెలల్లో రెండు సంగతులు బయటపడ్డాయి. ఎండ, నొప్పి గోలీ. తర్వాతి దౌరాలో టైముకు రక్తం తీశారు. అంకె దొరికింది. ఆపా ఆ కాగితాన్ని లామినేషన్ చేయించుకుంది. జబ్బు ఉన్నందుకు కాదు, జబ్బు ఉందని రుజువైనందుకు. వేడి, నొప్పి మాత్రలు, తేనెటీగ కుట్టడం, రుద్దుడు, కొన్ని మత్తు మందులు, స్కానింగ్‌లో ఎక్కించే రంగు మందు, మనసు మీద ఒత్తిడి, ఇవన్నీ ఈ కణాలను రెచ్చగొట్టగలవు. అందరికీ అన్నీ కాదు, ఎవరి లిస్టు వాళ్లది. ఆపరేషన్‌కు వెళ్తే మత్తు డాక్టర్‌కు ముందే చెప్పాలి. వేడి పడనివాళ్లకు కంబల్ కప్పడం ఇలాజ్ కాదు, ఉల్టా.

తిండి మీద షక్

ఇక హిస్టమిన్ ఇన్‌టాలరెన్స్. ఇది వేరే సంగతి, దీన్ని పైదానితో కలిపేయకూడదు. బెస్ట్ చెప్పిన డీఏఓ ఎంజైమ్ పేగుల్లో తక్కువైతే తిండిలోని హిస్టమిన్ విరగకుండా రక్తంలోకి పోతుందని, తలనొప్పి, ఎర్రబడటం, కడుపు ఉబ్బరం వస్తాయని అంటారు. ఆలోచన సబబుగానే ఉంది. కానీ దీన్ని ఖచ్చితంగా తేల్చే పరీక్ష ఇంకా లేదు. రక్తంలో డీఏఓ చూసే టెస్టు మీద నిపుణులకే పూర్తి యకీన్ లేదు.

ఖచ్చితంగా తెలిసినది చేప సంగతి. కానాగంతలు, వంజరం, ట్యూనా లాంటి చేపల్లో హిస్టిడిన్ ఎక్కువ. పట్టిన తర్వాత ఐస్‌లో పెట్టకపోతే బ్యాక్టీరియా దాన్ని హిస్టమిన్‌గా మార్చేస్తుంది. అంతర్జాతీయ కోడెక్స్ నియమం ప్రకారం కిలోకు 200 మిల్లీగ్రాములు దాటకూడదు. ఒకసారి పుట్టిన హిస్టమిన్ ఎంత వేయించినా, ఎంత ఉడికించినా పోదు. అలాంటి చేప తిన్న ఇంటిల్లిపాదీ ఎర్రబడితే అది అలర్జీ కాదు, చేప చెడిపోయింది. ఒక్కరికే వస్తే అలర్జీ మీద షక్ పడొచ్చు.

నెట్‌లో లిస్టులు చూసి టమాటా, వంకాయ, పాలకూర, సిర్కా, అచార్, పెరుగు అన్నీ మానేసి ఎండిపోయిన ఆడవాళ్లను నేను చూశాను. డాక్టరూ డైటీషియనూ చెప్పేది వేరు. రెండు నుంచి నాలుగు వారాలు తగ్గించి చూడండి, తేడా లేకపోతే తిరిగి తినండి, ఉంటే ఒక్కొక్కటే తిరిగి తెచ్చుకుని ఏది పడదో తేల్చుకోండి. పిల్లలకు, గర్భిణులకు సొంతంగా పరహేజ్ పెట్టొద్దు.

చివరగా షాదీఖానాల్లో నిలబడే తమ్ముళ్లకు ఒక మాట. ఎవరైనా ఉన్నట్టుండి దద్దుర్లు లేచి, గొంతు బిగుసుకుని, కళ్లు తిరిగి పడిపోతే చుట్టూ మూగొద్దు. కుర్చీలో కూర్చోబెట్టొద్దు, నిమ్మరసం పోయొద్దు. వెల్లకిలా పడుకోబెట్టి కాళ్లు ఎత్తి పెట్టండి. ఊపిరి ఆడకపోతే కూర్చోనివ్వండి, కానీ లేపి నడిపించొద్దు. అంబులెన్స్‌కు 108 కొట్టండి. ఈ దౌరాకు మొదటి దవా అడ్రినలిన్, తొడ బయటి వైపు కండలో ఇచ్చే ఇంజెక్షన్. సెట్‌రిజిన్ గోలీ దాని బదులు కాదు. తన దగ్గర డాక్టర్ రాసిచ్చిన ఇంజెక్షన్ ఉందా అని ఆమెనో, ఆమె ఇంటివాళ్లనో అడగండి. నజర్ ఉందో లేదో ఆ తర్వాత తీరిగ్గా మాట్లాడుకోవచ్చు.